పేజ్‌మేకర్ లేని కంప్యూటర్

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. పోనీ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ ఆ కంపెనీ జాబితాలో ఉండాలి. మన పట్టణాల్లో ఏ డీటీపీ సెంటర్‌కైనా వెళ్లి చూడండి, అవేవీ లేని సిస్టమ్‌లు రోజంతా పెళ్లిపత్రికలు కడుతూ కనిపిస్తాయి. శుభ్రంగా పనిచేస్తున్న మిషన్‌ని పాతసామాన్లకు వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. ఆ మాట విన్న తోటి పనివాళ్లందరూ అడిగేది ఒక్కటే: "అందులో పేజ్‌మేకర్ వస్తుందా అన్నా?"

రాదు. ఆ మాటకొస్తే పేజీలు కట్టే ఈ పేజ్‌మేకర్ ఎక్కడా కొత్తగా వచ్చేది లేదు. 2001లో విడుదలైన 7.0 దాని ఆఖరి వెర్షన్. అడోబీ దాన్ని ఎప్పుడో వదిలేసినా తెలుగు ప్రెస్సుల్లో ఇన్నేళ్లు బతికిందంటే అది అను అనే తెలుగు ఫాంట్ల చలవ. కాబట్టి "పేజ్‌మేకర్‌కు బదులేమిటి" అని వెతికితే దారి దొరకదు. నేను ఒక కాగితం తీసుకుని రోజూ చేసే పనులు రాసుకున్నాను: తెలుగు టైపు చెయ్యడం, కాలమ్‌లు కట్టడం, బొమ్మలు సరిచెయ్యడం, ప్రెస్సుకు పీడీఎఫ్ పంపడం, పాత ఫైలు తెరిచి దిద్దడం. ఆ పనులు ఇక్కడ నాలుగు చోట్ల దొరికాయి. ఒకటి మాత్రం సగమే దొరికింది.

అందరూ భయపడేది వేళ్ల గురించి. అనులో యాపిల్ కీబోర్డు మీద చెయ్యి తిరిగినవాడు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ నేర్చుకోవాలంటే నెలల తరబడి పేజీలు ఆలస్యమవుతాయి, కూలి పోతుంది. ఈ భయం చాలామందిని గడప దాటనివ్వదు. అయితే లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ వ్యవస్థకు ఎం17ఎన్ పొట్లం కలుపుకుంటే తెలుగు లేఅవుట్ల జాబితా వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతనతోపాటు అందులో యాపిల్ కూడా ఉంది. అక్కడక్కడ ఒకటి రెండు మీటలు తేడా పడితే పడవచ్చు గానీ చెయ్యి మాత్రం పాత దారినే నడుస్తుంది. ఎవరో తెలుగువాళ్లు కూర్చుని, మీట మీటకూ అక్షరం చూసుకుని, ఆ జాబితా రాసి ఊరికే ఇచ్చేశారు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

అసలు కష్టం పాత ఫైళ్లది. పేజ్‌మేకర్ పీఎండీ ఫైలును లిబ్రేఆఫీస్ డ్రా తెరుస్తుంది. 2015లో వచ్చిన 4.4 నుంచి ఆ సదుపాయం ఉంది. పేజీ అమరిక కొంత చెదురుతుంది, మ్యాటర్ వస్తుంది. కానీ వచ్చేది తెలుగు కాదు, ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన కలగాపులగం. అను ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నాయి. ఫాంటు తీసేస్తే తెలుగూ పోతుంది. యూనికోడ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే తెలుగుకు సొంత చోటు ఉన్నా, మన అచ్చు పని చాలాకాలం దాని జోలికి వెళ్లలేదు.

మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి, పనిచేస్తాయి. ఎక్కడ తడబడతాయో తెలియాలంటే "స్త్రీ" అన్న అక్షరం చూడాలి. పాత ఫాంటులో అది కంటికి కనిపించే ముక్కల వరుస: గుడిదీర్ఘంతో కలిసిన "సీ", దాని కింద తావత్తు, పక్కన రావత్తు. యూనికోడ్ పలికే వరుసలో రాసుకుంటుంది: స, త, ర, అన్నీ అయ్యాక చివర దీర్ఘం. కన్వర్టర్ ఆ దీర్ఘాన్ని పట్టుకెళ్లి ఒత్తులన్నిటి వెనకాల పెట్టాలి. ఒక ఒత్తు ఉన్నచోట బాగానే పెడుతుంది. రెండు ఒత్తులున్న "లక్ష్మి", "రాష్ట్రీయ" లాంటి చోట్ల గుణింతం చోటు తప్పే ప్రమాదం ఎక్కువ. ఇంకొకటి, "ఫేస్‌బుక్" అని పొల్లు విడిగా నిలవాలంటే యూనికోడ్‌లో మధ్యన కంటికి కనపడని ఒక గుర్తు ఉండాలి. అది పడకపోతే "ఫేస్బుక్" అయి కూర్చుంటుంది. ఱ, అరసున్న ఉన్న పాత పద్యాల పుస్తకమైతే మొదటి నుంచి చివరిదాకా ప్రూఫ్ చదవాల్సిందే. కన్వర్టర్ ఇచ్చినదాన్ని నేరుగా అచ్చుకు పంపేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. రచయిత ఏళ్లు పెట్టి రాసిన మాట అది.

పేజీ కట్టడానికి స్క్రైబస్ వాడుతున్నాను. 1.4 దాకా అందులో తెలుగు ఒత్తులు విడివిడిగా పడేవి, మనకు పనికొచ్చేది కాదు. ఒమాన్‌లో ఒక బృందం తమ అరబ్బీ సరిగా రావాలని పూనుకుని అక్షరాల అమరిక విధానాన్ని మార్చింది. హార్ఫ్‌బజ్ అనే పరికరం చేరడంతో తెలుగు ఒత్తులూ తమ చోట కుదురుకున్నాయి. 2024 జనవరిలో వచ్చిన 1.6తో అది స్థిరమైన వెర్షన్‌గా అందరికీ అందింది. నాలుగు రంగుల విభజన, ప్రెస్సుకు కావలసిన పీడీఎఫ్ రెండూ సరిగ్గా ఇస్తుంది. ప్లేటు తీసేవాళ్లకు కావలసింది పీడీఎఫ్; ఎందులో కట్టారని ఎవరూ అడగరు.

లోటు లేదనను. అనులో ఉన్నన్ని సొగసైన శీర్షికల ఫాంట్లు యూనికోడ్‌లో లేవు. రామభద్ర, సూరన్న, మండలి వంటివి ఉచితంగా దొరుకుతాయి. కానీ మండలిలో బోల్డ్ విడిగా లేదు. బరువులో తేడాలు కావాలంటే నోటో సెరిఫ్ తెలుగు దగ్గరికి వెళ్లాలి. ఇరుకు కాలమ్‌లో మన పొడుగు మాటలు జస్టిఫై చేస్తే మధ్యలో ఖాళీలు పడతాయి. అది పాత బాధే, ఇక్కడా చేత్తోనే సర్దుకోవాలి.

ఫొటోషాప్ పనికి గింప్, కోరెల్ పనికి ఇంక్‌స్కేప్ సరిపోతున్నాయి. లెక్కలు రాసే టాలీకి మాత్రం బదులు వెతకలేదు. గ్నూక్యాష్‌లో జమాఖర్చులు బాగానే రాసుకోవచ్చు, కానీ ఆడిటర్ గారికి టాలీ డేటానే కావాలి. ఆయన పనిని తలకిందులు చేసి నా పట్టుదల నెగ్గించుకోవడం మర్యాద కాదు. డిస్కులో ఒక భాగంలో విండోస్ అలాగే ఉంచాను, నెట్‌కు కలపను.

మారాలనుకునేవారికి నేను గట్టిగా చెప్పేది వరుస గురించి. విండోస్ తీసేసి ఆ తర్వాత బదులు వెతకడం మొదలుపెడితే, చేతిలో ఉన్న పని ఆగిపోయి రెండో రోజే వెనక్కి వస్తారు. లిబ్రేఆఫీస్, స్క్రైబస్, గింప్, ఇంక్‌స్కేప్ నాలుగూ విండోస్‌లోనూ నడుస్తాయి. ముందు అక్కడే, పేజ్‌మేకర్ పక్కన ఉండగానే, ఒక చిన్న కరపత్రం స్క్రైబస్‌లో కట్టండి. తర్వాత నాలుగు పేజీల పత్రిక. రోజంతా పేజ్‌మేకర్ తెరవకుండా గడిచిందంటే అప్పుడు పెన్‌డ్రైవ్ మీద మింట్ ఎక్కించి, డిస్కు ముట్టుకోకుండా దాని నుంచే బూట్ చేసి చూడండి. ప్రింటర్, స్కానర్ పలుకుతున్నాయో లేదో అక్కడే తేలుతుంది.

పాత సిస్టమ్‌లో ఊరి చరిత్రో, నాన్నగారి కవితలో, ఆగిపోయిన చిన్న పత్రిక సంచికలో పీఎండీ ఫైళ్లుగా ఉంటే వాటిని ముందు చూడండి. పీడీఎఫ్ చేసి దాచామంటే సరిపోదు. చదవడానికి బాగానే ఉంటుంది గానీ అందులోంచి మాట కాపీ చేస్తే మళ్లీ ఆ కలగాపులగమే వస్తుంది. పేజ్‌మేకర్ తెరుచుకుంటున్నప్పుడే మ్యాటర్ బయటికి తీసి, యూనికోడ్‌లోకి మార్చి, పక్కన అచ్చుప్రతి పెట్టుకుని ప్రూఫ్ చదవండి. ఏ ఫైలు ఏ అను వెర్షన్‌లో కట్టిందో ఫైలు పేరులోనే రాసిపెట్టండి, కన్వర్టర్‌కు అది చెప్పాల్సి రావచ్చు.