చూడకుండా వదిలేసే నేర్పు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బండ మీద బొగ్గుతోనో సుద్దతోనో గీత గీసి పులిజూదం ఆడేవాళ్లు మేకను ఒకచోట పెట్టబోయి, పక్క పులి దూకి దాన్ని తినేస్తుందని కనిపించగానే చేయి వెనక్కి తీసుకుంటారు. అంతకంటే మంచి చోటు ముందే చూసి ఉంచుకుంటే, మిగతా రెండు పులుల సంగతి ఇక ఆలోచించరు. ఎత్తు పనికిరాదని తేలడానికి ఎదుటివాడి దగ్గర ఒక్క జవాబుంటే చాలు.

చదరంగం ఆడే ప్రోగ్రాములకూ ఇదే ఆధారం. దీన్ని ఆల్ఫా-బీటా ప్రూనింగ్ (కత్తిరింపు) అంటారు.

చదరంగంలో ఒక్కో స్థితిలో సగటున 35 ఎత్తులుంటాయి. ఇరువైపులా కలిపి ఆరు ఎత్తుల లోతుకు వెళ్తే చివర తేలే స్థితులు 183 కోట్లు దాటతాయి. ప్రతిచోటా మంచి ఎత్తునే ముందు చూడగలిగితే, అదే ఫలితానికి 85,749 సరిపోతాయి. 1975లో డొనాల్డ్ నూత్, రొనాల్డ్ మూర్ తమ విశ్లేషణలో ఇచ్చిన సూత్రం ప్రకారం వచ్చే లెక్క ఇది. వరుస పూర్తిగా తిరగబడితే మాత్రం మిగిలేదేమీ ఉండదు.

అందుకే అసలు పనితనమంతా వరుస పెట్టడంలోనే ఉంది. కాయను చంపే ఎత్తులు ముందు చూడాలి. చెట్టు కొమ్మల్లా చీలే ఎత్తుల దారుల్లో పక్క కొమ్మలో ఎదుటివాడిని దెబ్బకొట్టిన ఎత్తును ఇక్కడా ముందే ప్రయత్నించాలి. ఒక ఎత్తు లోతు, తర్వాత రెండు, ఆ తర్వాత మూడు అంటూ ప్రతిసారీ మొదటినుంచి వెతకడం దండగ పనిలా కనిపిస్తుంది కానీ, పైపైన వెతికినప్పుడు తేలిన మంచి ఎత్తే లోతుగా వెతికేటప్పుడు దారి చూపిస్తుంది. వేరే దారిలో వచ్చిన అదే స్థితిని మళ్లీ లెక్కించకుండా గుర్తుపట్టే ఒక పద్ధతిని 1970లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ చెప్పాడు.

ఈ కథలో ఒక తెలుగువాడూ ఉన్నాడు. 1956లో అమెరికాలోని డార్ట్‌మత్‌లో అలెక్స్ బెర్న్‌స్టీన్ తన చదరంగం ప్రోగ్రాము గురించి చెబుతుంటే, ఇలా కత్తిరించవచ్చని సూచించినవాడు జాన్ మెకార్తీ. ఆయన దగ్గరే స్టాన్‌ఫర్డ్‌లో 1966లో పీహెచ్‌డీ చేశాడు చిత్తూరు జిల్లా కాటూరుకు చెందిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి. ప్రపంచ చాంపియన్‌ను మించే చదరంగ యంత్రాన్ని ఆయన 1988లోనే కృత్రిమ మేధ ముందున్న పెద్ద సవాళ్లలో ఒకటిగా లెక్కపెట్టాడు. డీప్ థాట్ అనే చదరంగ యంత్రం తయారైంది ఆయన పనిచేసిన కార్నెగీ మెలన్‌లోనే. ఆ బృందంలోని వాళ్లు ఐబీఎంకు వెళ్లి చేసిన డీప్ బ్లూ 1997లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది.

డీప్ బ్లూ చూసింది సెకనుకు 20 కోట్ల స్థితులు! జనానికి గుర్తున్నది ఆ అంకె ఒక్కటే. కత్తిరింపు లేకపోతే అంత వేగంతో మూడు నిమిషాలు వెతికినా ఏడు ఎత్తుల లోతు పూర్తికాదు. ఈ కాలమ్ రాసే మనిషికి వేగం కంటే ఆ కత్తిరింపే గొప్పగా తోస్తుంది.

ఈ కత్తిరింపు నేర్చుకోవాలనుకునే పాలమూరు, నల్లగొండ యూనివర్సిటీల పిల్లలు చదరంగంతో కాక పులిజూదంతో మొదలుపెట్టాలి. 23 చోట్లు, మూడు పులులు, 15 మేకలు. పలక కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి గనుక అద్దంలో పడ్డ స్థితిని వేరుగా లెక్కించనక్కర్లేదు. దీనికి చుట్టమైన నేపాలీ బాఘ్‌చాల్‌ను లిమ్ యూ జిన్, యుర్గ్ నీవెర్‌గెల్ట్ ఇలాంటి వెతుకులాటనూ వాడి ఛేదించి, ఇద్దరూ తప్పు చేయకపోతే ఆట డ్రా అని నిరూపించారు. పులి దూకే ఎత్తులను ముందు పెట్టి ఒకసారి, చివర పెట్టి ఒకసారి ప్రోగ్రామును నడిపిస్తే, చూసిన స్థితుల సంఖ్యలో తేడా ఆ పిల్లల తెర మీదే కనిపిస్తుంది.