తుక్కు బొమ్మ మోగాలి

ఈ వారం ఒక సభలో వక్త మన తెనాలి ఇనుప శిల్పాలను తెగ మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత నట్లు, బోల్టులు, గేర్లు, చైన్లు అతికి నిలువెత్తు మనుషుల్ని చేస్తారు. 75 వేల నట్లతో 10 అడుగుల గాంధీ తయారైంది అక్కడే. 2021లో రెండు టన్నుల తుక్కుతో చేసిన 14 అడుగుల మోదీ విగ్రహం బెంగళూరు వెళ్లింది. ‘‘ఇలాంటి బొమ్మలవల్ల గనుల తవ్వకం తగ్గుతుంది’’ అని వక్త ముగించారు. హాలంతా చప్పట్లు.

ఆ చివరి మాటతోనే నాకు పేచీ.

పాత ఇనుము చెత్త కాదు. మన వీధుల్లో తిరిగే పాత సామాన్లవాళ్లు దాన్ని తూకం వేసి, డబ్బిచ్చి పట్టుకెళ్తారు. చేతులు మారి మారి అది ఫర్నేసుకు చేరుతుంది. టన్ను తుక్కు కరిగించి ఉక్కు చేస్తే 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు, 120 కిలోల సున్నపురాయి మిగులుతాయని ప్రపంచ ఉక్కు సంఘం లెక్క. బొమ్మలో అతికిన రెండు టన్నులు ఆ ఫర్నేసుకు వెళ్లవు. ఆ మేరకు ఎక్కడో కొత్తగా తవ్వాలి. పాతదాన్ని మళ్లీ వాడితే చాలు, పుణ్యం వచ్చేసినట్టే అనుకోవడం మనకు అలవాటైంది.

ఈ అలవాటు ఎంత నష్టం చేస్తుందో భట్టిప్రోలును అడగండి. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు ఆగే ఆ ఊళ్లో రెండువేల ఏళ్లు దాటిన స్తూపం ఉండేది. పంతొమ్మిదో శతాబ్దంలో పబ్లిక్ వర్క్స్ ఇంజనీర్లకు అది చేతికందిన క్వారీలా కనబడింది. ఇటుకలు రోడ్డుకు పోయాయి. చలువరాతి పలకలు వెల్లటూరు దగ్గర కాలవ తూముకు పోయాయి. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వేనాటికి మిగిలింది అడుగుభాగం, దాని కడుపులో దాగిన మూడు రాతి కరండాలు (ధాతుపేటికలు). వాటిమీది బ్రాహ్మీ అక్షరాలను ఇప్పటికీ పండితులు చదువుతున్నారు. తూములో కలిసిన పలకల మీద ఏముండేదో ఇక ఎవరూ చదవలేరు. కొత్త రాయి తవ్వకుండా పాతదే వాడారు కదా! ఆ పొదుపు నాకు వద్దు.

అయితే తుక్కు శిల్పం దండగా? కానే కాదు. ఖనిజం ఆదా చేసే పని ఫర్నేసుది. తవ్వకం ఎంత తినేసిందో చెవిలో పడేలా చెప్పడం శిల్పి పని. అది ఇంకెవరివల్లా కాదు.

శిల్పికి చెవి ముఖ్యమన్నది మన పాత పాఠమే. సుత్తితో తట్టితే గంటలా మోగేది పురుషశిల, మూలవిరాట్టుకు పనికొస్తుందని శిల్పశాస్త్రం చెబుతుంది. లోపల పగులున్న రాయి డొల్లగా పలుకుతుంది. ఇటలీలోని సార్డీనియా దీవిలో పీనుచ్చో షోలా అనే శిల్పి ఈ గుణాన్నే పట్టుకున్నాడు. నల్లరాతి, సున్నపురాతి దిమ్మెలను సన్నని పొరలుగా కోసి, అరచేత్తో నిమిరితే పాడేలా చేశాడు. 2016లో పోయాడు. ఆయన రాళ్లు సాన్ స్పెరాతె అనే ఊళ్లో ఇప్పటికీ మోగుతున్నాయి.

మరి మన బల్లికురవ క్వారీల గ్రానైటుకు గొంతు లేదా? అక్కడ డ్రిల్లు మోత, పేలుళ్లు, దుమ్ము, నీళ్లు నిండిన గోతులు ఉన్నాయి. 2025 ఆగస్టు 3న అక్కడి క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఆరుగురు కూలీలు చనిపోయారు. పొట్ట చేతబట్టుకుని ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. మన వంటింటి గట్టు మీద ఆ రాయి నున్నగా, నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దం నాకు సహించదు.

అందుకే తెనాలి శిల్పులకు విన్నపం. వచ్చే బొమ్మకు ఇనుము మెకానిక్ షెడ్ల నుంచి వద్దు. ఆ క్వారీలకు వెళ్లి అరిగిన డ్రిల్లు రాడ్లు, తెగిన వైర్లు, విరిగిన ఉలులు ఏరుకురండి. అన్నీ వెల్డింగ్ చేసెయ్యకండి, కొన్ని వేలాడనివ్వండి. గాలికి, చేతి తాకిడికి మోగాలి. ఏ నాయకుడి పోలికా అక్కర్లేదు. దిమ్మె మీద ఆ ఆరుగురి పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ చెక్కండి. ప్రమాదం నాటికి ఆ క్వారీలు ఉన్న బాపట్ల జిల్లా కలెక్టరేటు ముందు నిలుపుదాం. మొదటి చందా నాది.