అమెరికను నవల – జాతి స్వరూపము

1868వ సంవత్సరమున జాన్ విలియం డిఫారెస్టు 'ది నేషన్' పత్రికలో నొక వ్యాసము ప్రకటించి 'మహా అమెరికను నవల' యను మాటను ప్రచారములోనికి తెచ్చెను. అంతర్యుద్ధము ముగిసి అప్పటికి మూడేండ్లయినను నిండలేదు. పురాణేతిహాసములు ఉమ్మడి సొత్తుగా లేని వలసదారుల సమాజము, తన స్వరూపనిర్ణయమను భారమును నవలపై మోపినది. డిఫారెస్టు కోరినది దేశ సామాన్యజీవిత చిత్రణము. అందులకు మిక్కిలి చేరువగా వచ్చినదని ఆయన యెన్నినది హారియట్ బీచర్ స్టో రచించిన 'అంకుల్ టామ్స్ కాబిన్' (1852). బానిసత్వమను జాతిదోషమును వెల్లడించిన గ్రంథమే జాతీయనవలకు తొలి ప్రమాణమగుట గమనింపదగినది.

హెర్మన్ మెల్విల్ 'మోబీ డిక్' (1851) ఈ మాట పుట్టుటకు ముందే వెలువడినది. అందలి పీక్వాడ్ నౌకపై న్యూ ఇంగ్లండు వారు, పసిఫిక్ ద్వీపవాసి, అమెరికా ఆదివాసి, ఆఫ్రికా వాసి కలిసి పనిచేయుదురు. నౌక పేరు 1637లో ఆంగ్లేయుల ఊచకోతకు గురియైన పీక్వాట్ తెగది. ఆ తెగ అంతరించినదని మెల్విల్ వ్రాసెను; కాని వారి సంతతి నేటికిని కనెక్టికట్‌లో నున్నది. నాయకుని పగను నావికులు తమ పగగా నంగీకరింతురు. తుదకు ఒక్కడు దక్క అందరును మునుగుదురు. జనసమ్మతియే జననాశమునకు దారితీయుట ఇందలి భయంకరసత్యము. 1891లో మెల్విల్ మరణించునాటికి ఈ నవల దాదాపు విస్మృతము. 1920 దశకపు పాఠకులు దానిని జాతీయకావ్యము చేసిరి.

మార్క్ ట్వేన్ జాతిని భాషలో వెదకెను. 1884లో ఇంగ్లండునను, 1885లో అమెరికాలోను వెలువడిన 'హకల్‌బెరీ ఫిన్' కథను చదువు అంతగా లేని బాలుడు తన పలుకుబడిలోనే చెప్పును. పారిపోయిన బానిసయగు జిమ్‌ను పట్టియిచ్చుటయే ధర్మమని సంఘము నేర్పినది. బాలుని హృదయము అందుకొప్పుకొనదు. 1865లో బానిసత్వము రద్దయిన పిదప వ్రాసిన యీ కథ, చట్టము మారినంత మాత్రమున మనస్సు మారునా యని పాఠకుని నిలదీయును. నండూరి రామమోహనరావు అనువాదము ద్వారా ఈ కథ తెలుగువారికి పరిచితమే. అయినను మూలమందలి మాండలిక భేదములు ఏ అనువాదకునకైనను కఠినపరీక్షయే.

రాల్ఫ్ ఎలిసన్ 'ఇన్విజిబుల్ మాన్' (1952) నాయకునకు పేరే లేదు. 1,369 దీపముల వెలుగున భూగర్భమందుండియు అతడు లోకమునకు కనబడడు. చూడనొల్లని వారి కన్నులయందే ఆ చీకటి యున్నది.

ఈ నవలలు జాతికి స్తోత్రపాఠములు కావు. 'మనము' అను మాటలో చేరనివారెవరని ఇవి ప్రశ్నించినవి. అందువలననే ఆ దేశము వీనిని తనవిగా చెప్పుకొనుచున్నది. జాతీయసాహిత్యమును కోరు ఏ భాషవారికైనను ఈ ప్రశ్న తప్పదు.