మతి తప్పిందా, నీరు తప్పిందా? - 'ఆడుజీవితం'లో హకీం మరణం

మలయాళ రచయిత బెన్యామిన్ నవల 'ఆడుజీవితం' 2008లో వెలువడింది. ఉద్యోగం దొరుకుతుందని సౌదీ అరేబియా వెళ్లిన నజీబ్, అతని వెంట వచ్చిన యువకుడు హకీం ఎడారిలో మేకల దొడ్ల దగ్గర బందీలవుతారు. చివరికి ఇబ్రహీం ఖాదిరి అనే సోమాలీ తోడుగా పారిపోతారు. దారిలో నీరు దొరక్క హకీం మతి చెదురుతుంది. ఇసుక నోట్లో కుక్కుకుంటాడు, నెత్తురు కక్కుకుని చనిపోతాడు. బ్లెస్సీ తీసిన చిత్రం 2024లో తెలుగులోనూ వచ్చింది కనుక ఈ ఘట్టం మనకు పరిచితమే.

దీన్ని ప్రవాసి మనోవేదనకు ప్రతీకగా చదవడం సులువు. ఉన్మాదాన్ని ప్రతీకగా చదవడం సాహిత్య విమర్శకు పాత అలవాటు. అయితే అలా చదివిన మరుక్షణం ఒక ప్రశ్న ఆగిపోతుంది: ఆ దేహంలో ఏం జరిగింది? వైద్యుడి మొదటి ప్రశ్న అదే. ఈ నవల విషయంలో విమర్శకుడికీ అదే మొదటి ప్రశ్న కావాలని నా వాదన.

నిన్నటిదాకా కుదురుగా ఉన్న మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడితే, వైద్యుడు మనసును శంకించేముందు దేహాన్ని విచారిస్తాడు. రక్తంలో చక్కెర ఎంత, లవణాలు ఎలా ఉన్నాయి, జ్వరం ఉందా, మెడ బిగుసుకుందా అని చూస్తాడు. సౌదీలో ఈ విచారణకు మరో రెండు ప్రశ్నలు తప్పనిసరి.

మొదటిది వేడి గురించి. దేహాంతర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, దాంతోపాటు భ్రాంతి, కలవరింత, స్పృహ తప్పడం కనిపిస్తే అది వడదెబ్బ. రియాద్‌లోని కింగ్ ఫైసల్ స్పెషలిస్ట్ ఆసుపత్రికి చెందిన అబ్దుర్రజాక్ బుషామా, అమెరికా వైద్యుడు జేమ్స్ నోకెల్‌తో కలిసి 2002లో రాసిన సమీక్షా వ్యాసం, పలు అవయవాలను కుంగదీసే ఈ స్థితిలో మెదడు దెబ్బతినడమే ముందు నిలుస్తుందని వివరించింది. అంతకుముందే, 1980లో, వైనర్, ఖోగాలీ అనే పరిశోధకులు ఒక శీతలీకరణ పద్ధతిని ప్రకటించారు. మక్కాలో హజ్ యాత్రికుల చికిత్సకు అది ఉపయోగపడింది. సన్నని నీటి తుంపరలనూ వెచ్చని గాలినీ కలిపి దేహం మీదికి వదులుతారు. చర్మం మరీ చల్లబడి రక్తనాళాలు ముడుచుకుపోతే లోపలి వేడి బయటికి రాదు; వెచ్చని గాలి అందుకే.

రెండోది పశువుల గురించి. మేకల, గొర్రెల, ఒంటెల పచ్చిపాల ద్వారా సోకే బ్రూసెల్లోసిస్ సౌదీలో చిరకాలంగా ఉన్న వ్యాధి. అది అరుదుగా మెదడుకు పాకినప్పుడు ప్రవర్తన మారవచ్చు, మతిస్థిమితం తప్పవచ్చు. సకాలంలో గుర్తిస్తే యాంటీబయాటిక్స్‌తో నయం చేయవచ్చు. అంటే, 'నువ్వు ఏం పని చేస్తావు, ఏం తాగుతావు' అన్న ప్రశ్న లేకుండా రోగనిర్ధారణ పూర్తికాదు. పశులకాపరి విషయంలో రోగచరిత్రను శ్రమచరిత్ర నుంచి విడదీయలేం.

ఈ దృష్టితో చూస్తే నవలలోని చీలిక తెలుస్తుంది. కథకుడు నజీబ్ జరిగినదంతా దైవసంకల్పమని నమ్ముతాడు. అతని నమ్మకం అతన్ని బతికించింది, సందేహం లేదు. కానీ అతను చెప్పే వివరాలు వేరే సాక్ష్యమిస్తాయి: రేషనుగా దొరికే నీళ్లు, స్నానం లేని నెలలు, నీడ లేని నడక. కథకుడు విధి అన్నచోట వివరం కారణాన్ని చూపుతుంది. నవల బలం ఆ వివరంలోనే ఉంది.

ఈ పఠనం సాహిత్యంతో ఆగదు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించడంపై నిషేధం ఉంది. అయితే 2005 నాటి కార్మిక చట్టం పదిమందికి తక్కువ పనివారున్న పశుపోషణను తన పరిధిలోకి తీసుకోలేదు. గల్ఫ్ నుంచి వచ్చే శవపేటికల వెంట ఉండే పత్రాల్లో శవపరీక్ష లేకుండానే 'సహజ మరణం' అని రాస్తున్నారని మానవ హక్కుల సంస్థలు పదేపదే చెబుతున్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఆ మాటకు అర్థం పరిహారం అడిగే దారి మూసుకుపోవడమే.

హకీం మరణాన్ని ఉన్మాదమని సరిపెట్టుకుంటే మనమూ అలాంటి పత్రం మీదే సంతకం చేసినట్టు. 'వడదెబ్బ' అన్న మన మాటలో కనీసం దెబ్బ ఉంది. ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో వైద్యుడు చెబుతాడు. ఆ మనిషిని నీళ్లు లేకుండా ఎండలో నిలబెట్టింది ఎవరన్నది నవల చెబుతుంది.