రొమానిస్ గ్రంథమున కోతి దినచర్య
డార్విన్ మిత్రుడైన జార్జి రొమానిస్ రచించిన 'ఏనిమల్ ఇంటెలిజెన్స్' (1882) తొలి ముద్రణ ప్రతులు నేడరుదు. అందలి కుక్కల, పిల్లుల ముచ్చటలు పెక్కు పరుల యుత్తరములనుండి గైకొన్నవి గనుక గ్రంథమునే పలువురు త్రోసిపుచ్చిరి. ఆక్షేపణము చాలవఱకు న్యాయమే. క్రింది మనోవ్యాపారముతో సరిపడు చేష్టకు మీదిదానిని ఆరోపింపరాదని 1894లో లాయిడ్ మార్గన్ విధించిన నియమము ఇట్టి రచనలకు అంకుశము.

అయినను కడపటి ప్రకరణమునందలి కోతి దినచర్యను మేము ఆ తీర్పునకు విడువజాలము. రొమానిస్ సోదరి 1880 డిసెంబరు మొదలుకొని ఒక కోతిని ఇంట నుంచుకొని గమనించుచు వ్రాసినది అది. పొయ్యి నూడ్చు కుంచెకు మరతో బిగించిన పిడిని కోతి యూడదీసెను. మరల బిగింపబూని, మొదట తప్పుకొనను పెట్టి, పిదప సరియైన కొనను త్రిప్పి త్రిప్పి తుదకు సాధించెను. కోతి మనస్సును గూర్చిన వ్యాఖ్య నంతయు తీసివేసినను ఇచట ప్రయత్నముల వరుస మిగులును. కుక్కల కథలలో అట్లు మిగులునది స్వల్పము.