‘దసరా’ పాటలు: బీటుకు బొగ్గు అంటింది, మాటకు అంటలేదు

‘దసరా’ను హిప్ హాప్ ఆల్బమ్ అని ఎవరూ అనలేదు. 2023లో మామూలు సినిమా పాటల్లాగే వచ్చింది, అలాగే హిట్టయింది. కానీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మాటలను కాసేపు పక్కనపెట్టి వినండి. దరువు ముందుంటుంది, రాగం దాని వెనకాల నడుస్తుంది. గొంతును కూడా ఒక వాయిద్యంలాగే వాడతారు. సంతోష్ నారాయణన్ పనితనం హిప్ హాప్‌కు దగ్గరగా పెరిగింది. 2018లో ‘కాలా’ చేసినప్పుడు ధారవికే చెందిన డోపడెలిక్స్ కుర్రాళ్లతో ర్యాప్ చేయించారు. 2021లో ధీ, అరివు పాడిన ‘ఎంజాయ్ ఎంజామి’కి నిర్మాత ఆయనే. అలాంటి మనిషి సింగరేణి పక్కన ఉన్న వీర్లపల్లి అనే ఊరి కథకు సంగీతం కడుతున్నాడంటే ఆశ పెట్టుకుంటాం కదా. ఆ ఆశ సగం తీరింది. ఈ వ్యాసం మిగిలిన సగం గురించి.

ముందు తీరిన సగం. ‘ధూం ధాం దోస్తాన్’ వినండి. రాహుల్ సిప్లిగంజ్‌తో పాటు పాలమూరు జంగిరెడ్డి, నర్సమ్మ, గొట్టె కనకవ్వ, గన్నోర దాస్ లక్ష్మి పాడారు. మన సినిమా పాటల్లో జానపద గాయకులను తేవడం కొత్త కాదు. తెచ్చాక వాళ్ల గొంతును ఇస్త్రీ చేసి, శ్రుతికి కుట్టేసి, ఎవరి గొంతో తెలీకుండా చేయడం మాత్రం మామూలు. ఇక్కడ ఆ పని జరగలేదు. కనకవ్వ గొంతులోని జీర అలాగే ఉంది. ఊపిరి తీసుకునే చప్పుడు, పదం చివర విరుపు, గుంపులో ఒకరు అర మాత్ర ముందుకు పోవడం, అన్నీ ఉన్నాయి. తీన్మార్ దరువును పెళ్లి బారాత్ నుంచి తెచ్చి, దాని కింద బాస్‌ను బరువుగా పరిచారు. కాళ్లకు తెలిసిన దరువే, కానీ నేల కొత్తది. మంచి హిప్ హాప్ నిర్మాత చేసేది ఇదే: మనకు తెలిసిన చప్పుడును తెలియని చోట నిలబెట్టి మళ్లీ వినిపించడం.

ఇది తెలంగాణ మాటకు సరిగ్గా సరిపోయే పద్ధతి కూడా. తెలుగులో ర్యాప్ కష్టమని, మాటలన్నీ అచ్చుతో ముగుస్తాయి కాబట్టి దెబ్బ పడదని ఒక వాదన ఉంది. పుస్తకాల తెలుగుకైతే అది కొంత నిజం. వచ్చిండు, పొయ్యిండు, చెప్తున్న, గట్లనే, ఏందిర బై అనే భాషలో ఒత్తులే డప్పు పని చేస్తాయి. పైగా మన పద్యానికి ప్రాస పాదం మొదట్లో రెండో అక్షరం మీద పడుతుంది, ర్యాప్‌లో ప్రాస చివర మీద పడుతుంది. రెండూ తెలిసినవాడు ఒకే లైనును రెండు వైపులా వాయించవచ్చు. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు మాట విసురుతాడు, పక్కవాడు అందుకుంటాడు, డోలు మధ్యలో జవాబు చెబుతుంది. సవాలూ జవాబూ, గుంపూ, గొప్పలూ, తిట్టూ, కథా అన్నీ అందులో ఉన్నాయి. అంటే ఇక్కడ ర్యాప్‌కు కావల్సిన ఎముకలు ముందే ఉన్నాయి. వాటి మీదికి మాంసం ఎక్కించడానికి కావల్సిన సౌండ్‌ను ఈ ఆల్బమ్ తయారుచేసి పెట్టింది.

ఇక మాట. ‘ధూం ధాం దోస్తాన్’ రాసింది కాసర్ల శ్యామ్. తెలంగాణ పలుకుబడి మీద ఆయనకున్న పట్టు గురించి ఎవరికీ అనుమానం లేదు. కానీ ఈ పాటకు ఆ పలుకుబడి ఒక వేషంలాగా ఉపయోగపడింది. దోస్తులు, తాగుడు, ఎగురుడు దాటి పాట ఎక్కడికీ పోదు. ఆ పేరునే తీసుకోండి. తెలంగాణ ఉద్యమంలో ‘ధూం ధాం’ అంటే ఒక రాజకీయ వేదిక. రసమయి బాలకిషన్ లాంటి కళాకారులు ఊరూరా తిరిగి ఆటతో, పాటతో జనాన్ని పోగుచేసిన రూపం. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు బాయి దిగడం మానేసినప్పుడు కోల్ బెల్ట్‌లో మోగింది ఆ పాటలే. ఆ మాటను దోస్తాన్‌కు తోక చేసి విడిచిపెడితే వినడానికి బాగానే ఉంటుంది. ఆ మాట మోసిన బరువు మాత్రం దిగిపోతుంది. సినిమా కథాకాలం ఉద్యమానికి ముందుదే, నిజమే. పాట వింటున్నది మాత్రం ఉద్యమం తర్వాతి చెవులు.

‘చమ్కీల అంగీలేసి’ దగ్గరికొచ్చేసరికి అదే కవి వేరే మనిషిలా కనిపిస్తాడు. రామ్ మిరియాల, ధీ పాడిన ఈ పాట మొగుడూ పెళ్లాల పంచాయితీ. పెళ్లికి ముందు సోకులు పడ్డవాడు తర్వాత ఎట్లా తయారయ్యాడో ఆమె ఏకరువు పెడుతుంది, అతను ఎదురు చెబుతాడు. ఇద్దరూ మూడో మనిషిని సాక్షిగా పిలుస్తారు. ఇక్కడ మాండలికం అలంకారం కాదు, ఆయుధం. ఒక్కో ఫిర్యాదులో ఒక ఇల్లు కనిపిస్తుంది. ఇదే ఆల్బమ్‌లోని అత్యుత్తమ రచన అని నా లెక్క. దీనికి కారణం కూడా ఉంది: పాటలో వాదం ఉంది. వాదం ఉన్నచోట మాటకు పని దొరుకుతుంది, పని దొరికిన మాట ఊరికే మెరవదు.

శ్రీమణి రాసిన ‘ఓరి వారి’ ఇంకో రకం. సంతోష్ నారాయణన్ స్వయంగా పాడారు. తెలుగు ఆయన సొంత భాష కాకపోవడం ఉచ్చారణలో వినిపిస్తుంది, ఆ తడబాటు ప్రేమను దోస్తు కోసం వదులుకునేవాడి నోటికి అతుకుతుంది కూడా. పాటలో నలుపు వస్తుంది, గుండెకు పూసిన రంగుగా. అందమైన ఊహే. కానీ బొగ్గు ఊళ్లో నలుపుకు రూపకం కాకముందు వేరే బతుకు ఉంది. అది గోళ్ల సందులో ఉంటుంది, ఉతికిన బట్టల మీద వాలుతుంది, దగ్గితే వస్తుంది. దాన్ని దాటవేసి నేరుగా విషాదంలోకి దూకితే ఈ పాట ఏ ఊరి ప్రేమికుడైనా పాడుకోవచ్చు. అది సినిమాకు లాభం, పాటకు నష్టం.

సమస్య ఇక్కడే ఉంది. ఆల్బమ్ మొత్తం మీద బొగ్గు ఒక రంగు, ఒక దుమ్ము, ఒక సెట్. పనిగా ఎక్కడా చెవిన పడదు. బాయి, మస్టరు, బదిలి, నైట్ షిఫ్టు, టోపీ లైటు, టబ్బు: ఈ మాటల చప్పుడే సగం ర్యాప్. గనిలోకి దిగినవాడు తిరిగొచ్చేదాకా ఇంట్లో ఉండే బిగింపు ఎవరి పాటలోనూ లేదు. 2003లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ ప్రాంతంలో ఒక తరానికి ఆ అంకె చెబితే చాలు, వివరణ అక్కర్లేదు. సినిమా కాలం వేరు కాబట్టి ఆ సంఘటన రావాలని నేననను. ఆ భయం రావచ్చు కదా అంటాను.

దీనికి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: సినిమా పాట సందర్భానికి రాస్తారు, కవి ఏం చేస్తాడు? హీరో ధరణి గని కార్మికుడే కాదు, రైలు వ్యాగన్ల మీంచి బొగ్గు దించుకునేవాడు. ఒప్పుకుంటాను. దానికి సాక్ష్యం కూడా దగ్గర్లోనే ఉంది. అదే 2023 మార్చి మొదట్లో ‘బలగం’ వచ్చింది, నెలాఖరుకు ‘దసరా’. రెండింటికీ కాసర్ల శ్యామ్ రాశారు. ‘బలగం’లోని ఊరు పాటకు జాతీయ అవార్డు వచ్చింది. అక్కడ పాటకు ఊరి లెక్కంతా చెప్పే బాధ్యత ఇచ్చారు. చివర్లో మొగిలయ్య, కొమురమ్మల బుర్రకథ అయితే కథను తానే ముగింపుకు మోసింది. ‘దసరా’లో పాటలకు దొరికినవి పండగ, పెళ్లి, ప్రేమ. అన్నీ పని లేని వేళలు. దర్శకుడు శ్రీకాంత్ ఓదెలకు ఈ నేల బాగా తెలుసు, అది ఫ్రేముల్లో కనిపిస్తుంది. కానీ పని గురించిన పాటకు స్క్రిప్టులో చోటే లేకపోతే కవి ఎంతటివాడైనా చమ్కీలే కుడతాడు.

అదే సంగీత దర్శకుడి పాత పనితో పోలిస్తే తేడా ఇంకా తెలుస్తుంది. ‘కాలా’లో ధారవి మాటను ధారవి వాళ్లు పలికారు. ‘ఎంజాయ్ ఎంజామి’లో అరివు తన నాయనమ్మ తరం కథ చెప్పాడు, శ్రీలంక టీ తోటల్లో కూలి చేసి భూమి లేకుండా తిరిగొచ్చిన వాళ్ల కథ. ఆ పాట అందరికీ పట్టింది ఆ వివరం వల్లే. ఆ తర్వాత 2021లో ఒక సంగీత పత్రిక కవర్ మీద అరివు కనపడకపోవడం, పాట ఎవరిదన్న గొడవ రావడం కూడా మనం చూశాం. అంటే మాట ఇచ్చినవాడికి పేరు దక్కడం కష్టం. ‘దసరా’లో అయితే ఆ మాట ఇచ్చే కుర్రాడినే పిలవలేదు. సౌండ్ చేసిన ఆహ్వానం గోదావరిఖని దాకా చేరలేదు.

పిలిస్తే వచ్చేవాళ్లు లేకనా? ఈ బెల్ట్‌లో మాటకు కరువు ఎప్పుడూ లేదు. అల్లం రాజయ్య కథలు, పి. చంద్ నవలలు సింగరేణి కార్మికుడిని తెలుగు సాహిత్యంలోకి తెచ్చాయి. గద్దర్, గూడ అంజయ్య పాటలు గనుల దగ్గర నోటికి వచ్చినవి. ఆ తరం మాటకు కొత్త సౌండ్ అంతగా అవసరం పడలేదు, డప్పు చాలింది. ఈ తరానికి సౌండ్ ఫోన్‌లోనే ఉంది. చెప్పాల్సింది కూడా మారింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు, ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. భూగర్భ గనులు తగ్గి ఓపెన్ కాస్టులు పెరిగాయి, వాటి కింద ఊళ్లు పోయాయి. 2024 దసరాకు ముందు లాభాల్లో వాటాగా 796 కోట్లు పంచారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికుడికి మొదటిసారిగా 5 వేలు. అదే దసరా, అదే బొగ్గు. ఆ రెండు అంకెల మధ్య ఒక పాట పడి ఉంది. దాన్ని తీసుకునేవాడు కావాలి.

హైదరాబాద్‌లో రోల్ రైడా లాంటి వాళ్లు తెలుగు ర్యాప్‌కు ఒక దారి వేశారు. అది నగరం గొంతు, గల్లీ గొంతు. కోల్ బెల్ట్ గొంతు వేరు, దాని యాస వేరు, దాని కోపం వేరు. అందుకే ‘దసరా’ను తీసిపారేయలేను. ‘చమ్కీల’ను మళ్లీ మళ్లీ వింటాను, ‘ధూం ధాం’ను దరువు కోసం వింటాను. తెలంగాణ దరువు మీద ఇంత బరువైన బాస్ నిలుస్తుందని రుజువు చేసిన ఆల్బమ్ ఇది. రేపు రామగుండంలో ఒక పిల్లవాడో పిల్లో తన నాయన మస్టరు గురించి నాలుగు లైన్లు రాసుకుని కూర్చుంటే, ఎట్లాంటి బీటు కావాలో వెతుక్కునే పని వాళ్లకు లేదు.