మందు రాయని చీటీ

రాతప్రతి అంచుల మీద అక్కడక్కడా పసుపు మరకలున్నాయి. “ఏమ్మా, వంటింట్లో కూర్చొని రాశావా?” అని అడిగితే, “కాదు సార్, ఓపీలో” అంది రచయిత్రి. నవ్వొచ్చింది. నిజామాబాద్ పసుపు మార్కెట్ ఊరు. ఇక్కడ పసిబిడ్డ ఒంటి మీద ఏది లేచినా మొదటి మందు వంటింటి డబ్బాలోనే ఉంటుంది. బొడ్డు చుట్టూ, మెడ మడతల్లో, తొడల సందుల్లో పసుపు మెత్తి మరీ తీసుకొస్తారు. ఎరుపు ఎక్కడుందో, పొట్టు ఎక్కడ రాలుతోందో ఆ పసుపు కింద ఏమీ కనిపించదు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో తుడవడం చర్మవైద్యుడి మొదటి పని. తుడుస్తూ తల్లిని తిట్టకుండా ఉండడం రెండో పని. నేను చదివిన లావుపాటి పుస్తకాలు ఈ రెండింటినీ చెప్పలేదు. ఈ చేతిపుస్తకం మొదటి పేజీలోనే చెప్పింది. ముందుమాట రాయడానికి నేను ఒప్పుకున్నది అక్కడే.

రచయిత్రి నా దగ్గర రెసిడెంటుగా పని నేర్చుకున్న అమ్మాయి. ఇప్పుడు తనే రెసిడెంట్లకు నేర్పుతోంది. ఆ రెసిడెంట్ల కోసమే ఈ పుస్తకం. పిల్లల చర్మవ్యాధుల మీద వైద్యవిద్యార్థికి తెలుగులో పుస్తకం ఎందుకని మిత్రులు కొందరు అడిగారు. పరీక్ష ఇంగ్లీషులోనే రాస్తారు, నిజమే. కానీ పిల్లాడి జబ్బు కథ తల్లి నోట్లో ఉంటుంది. ఆమె “గజకర్ణం” అంటుంది, “సర్పి” అంటుంది, “అమ్మవారు పోసింది” అంటుంది. బోధన్ అవతలి నుంచి వచ్చిన తల్లి సగం మరాఠీలో చెబుతుంది. ఎం.డి. విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నియమం వచ్చాక, ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఈ మాటల మధ్య పడుతున్నారు. తల్లి ఏ మాటకు ఏ జబ్బును ఉద్దేశిస్తోందో తెలియకపోతే చేతిలో డెర్మోస్కోపు ఉండీ లాభం లేదు. పుస్తకం చివర రచయిత్రి ఇచ్చిన ఇంటిమాటల పట్టిక నాకే కొత్త మాటలు నేర్పింది.

చర్మవైద్యానికి ఈ జిల్లా పాత బడి. 1915లో డిచ్‌పల్లిలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రి పెట్టారు. దానికి పెద్ద విరాళం ఇచ్చింది మన రాజా నర్సాగౌడ్. మిషనరీలు మొదలుపెట్టిన పనికి ఒక హిందూ దాత డబ్బు పెట్టడం గురించి ఆ రోజుల్లో ఎవరేమనుకున్నారో గానీ, రోగులు మాత్రం నడిచీ బండెక్కీ వచ్చారు. అప్పటికి మందంటే హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లే. నొప్పి, గడ్డలు, నెలలకు నెలలు చికిత్స. 1932లో చనిపోయేదాకా ఇసబెల్ ఆ పనిలోనే ఉంది. డాప్సోన్ ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది. మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1982లో.

ఇదంతా ముందుమాటలో ఎందుకంటే, ఆ ఆసుపత్రి మా ప్రాంతానికి మంచితో పాటు ఒక భయాన్ని కూడా మిగిల్చింది. పిల్లాడి బుగ్గ మీద తెల్లమచ్చ కనిపిస్తే చాలు, తల్లి కొంగుతో వాడి మొహం కప్పి తెస్తుంది. “పోరనికి పెద్దరోగం కాదు గద సార్? డిచ్‌పల్లికి పోవాల్నా?” అని అడుగుతుంది. వాళ్లలో ఎక్కువమందికి అది పిటిరియాసిస్ ఆల్బా. ఎండకు, పొడి చర్మానికి వచ్చే పొట్టుమచ్చ, నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. కొబ్బరినూనె రాసినా సరే, వాజలీన్ రాసినా సరే. దానికి మందుచీటీ మీద రాయాల్సింది పెద్దగా ఏమీ ఉండదు.

కానీ ఏమీ రాయకుండా పంపడం రెసిడెంటుకు ఎంత కష్టమో నాకు తెలుసు. తల్లి ముప్పై కిలోమీటర్లు బస్సులో వచ్చింది, ఒక రోజు కూలి పోగొట్టుకుంది. ఖాళీ చీటీ ఇస్తే “డాక్టరుకు ఏం తెల్వదు” అనుకుంటుంది. అందుకని ఒక ట్యూబు, ఒక సిరపు, నాలుగు బలం మాత్రలు. “ఏమీ కాదు” అన్న మాటను తల్లి నమ్మేలా చెప్పగలిగే రెసిడెంటుకు చదువు వచ్చినట్టే. ఆ మాటకు వెనక ఎంత పరీక్ష ఉండాలో ఈ పుస్తకం విడమరచి చెబుతుంది.

నా కథ ఒకటి చెప్పాలి. 1980ల్లో నేను పనిచేసిన ఒక ఆసుపత్రి. ఊరి పేరు అనవసరం. పదేళ్ల పాప, ముంజేతి మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ. ఓపీ బయట గుమ్మందాకా జనం. దూరం నుంచే చూసి “శోభి” అన్నాను, పూతమందు రాశాను. దూదితో ముట్టుకోలేదు. మోచేతి వెనక నరం తడమలేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడగలేదు. రెండేళ్ల తర్వాత అదే పాప మళ్లీ వచ్చింది. చిటికెనవేలు, ఉంగరపువేలు లోపలికి వంగిపోయాయి. అప్పటికి కుష్ఠుకు మంచి మందులున్నాయి, క్రిములు చచ్చిపోయాయి. వేళ్లు మాత్రం తిన్నగా కాలేదు. ఆ పాప పెన్సిలు ఎలా పట్టుకునేదో నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఈ సంగతి నా శిష్యులందరికీ చెప్పాను. రచయిత్రి దాన్ని నా పేరు లేకుండా ఒక పెట్టెకట్టి అచ్చువేసింది. పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదని చెప్పాను, ఆమె ఒప్పుకోలేదు.

పిల్లల్లో స్పర్శ పరీక్ష చేయడం మీద ఆమె రాసిన అధ్యాయం ఈ పుస్తకానికి గుండెకాయ. పెద్దవాళ్లనైతే “తెలుస్తోందా?” అని అడుగుతాం. ఆరేళ్ల పిల్లాడు డాక్టరుకు భయపడి అన్నిటికీ “తెలుస్తోంది” అంటాడు. అందుకని ముందు కళ్లు తెరిచి ఉండగానే దూదితో ఆడించాలి, నేనెక్కడ ముట్టుకుంటే అక్కడ వేలు పెట్టాలని. ఆట అర్థమయ్యాక కళ్లు మూయించాలి. మంచి చర్మం మీద మూడుసార్లు, మచ్చ మీద ఒకసారి, వరస తెలియకుండా మార్చి మార్చి. మొహం మీద మచ్చకు ఈ ఆట కూడా చాలదు. మొహంలో నరాలు దట్టం కాబట్టి కుష్ఠు మచ్చలోనూ స్పర్శ మిగిలే ఉండవచ్చు. అప్పుడు చొక్కా విప్పించి వీపు చూడాలి, నరాలు తడమాలి, ఇంట్లోవాళ్లను పిలిపించాలి, అయినా తేలకపోతే మూడు నెలలకు మళ్లీ రమ్మనాలి. మళ్లీ రమ్మనడం కూడా వైద్యమేనని రెసిడెంట్లకు నమ్మకం కుదరదు, ఎందుకో.

కుష్ఠు ప్రజారోగ్య సమస్య కాదని, అంటే పదివేలకు ఒకటి కంటే తక్కువని, మన దేశం 2005 డిసెంబరులో లెక్క చూపింది. లెక్క మంచిదే. దానితో పాటు కళాశాలల్లో ఆ పాఠం కూడా చిన్నదైపోయింది. పిల్లల్లో ఒక్క కొత్త కేసు వచ్చిందంటే ఆ ఊళ్లో, ఆ ఇంట్లో రోగం ఇంకా పాకుతోందని అర్థం. పసివాడి ఒంటి మీద మచ్చ వాడి ఒక్కడి సంగతి కాదు.

ఇక ట్యూబుల సంగతి. పసిబిడ్డ చర్మం పలచన, పైగా బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం పెద్దవాళ్లకంటే రెండు మూడింతలు. మనం రాసేది ఒంటి మీదే ఉండదు, ఒంట్లోకి పోతుంది. 1972లో ఫ్రాన్సులో పిల్లల పౌడరులో హెక్సాక్లోరోఫీన్ పొరపాటున ఎక్కువగా కలిసి 36 మంది పిల్లలు చనిపోయారు. వాళ్లకు ఎవరూ సూది వేయలేదు, మింగించలేదు. పౌడరు అద్దారు, అంతే. మన దగ్గర పౌడరు కంటే క్రీముతో ప్రమాదం. బలమైన స్టెరాయిడు, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మూడూ కలిసిన ట్యూబును తండ్రి తన తామరకు కొంటాడు, అదే ట్యూబు బిడ్డ తొడ సందుల్లోకి వస్తుంది. నాలుగు వారాలకు బిడ్డ బుగ్గలు బూరెల్లా ఉబ్బుతాయి. “బలంగైండు” అని నానమ్మ మురుస్తుంది. స్టెరాయిడు క్రీములను చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. ఏ వీధి చివర కొట్టులోనైనా అడిగి చూడండి, నిబంధన ఎంత బిగిసిందో తెలుస్తుంది. ఒక చిన్న సలహా రచయిత్రి భలే పెట్టింది: ప్రతి బిడ్డ తల్లినీ “ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ సంచిలో వేసుకొని రా” అనమంటుంది. ఆ సంచి విప్పితే సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది.

గజ్జి అధ్యాయం చదువుతుంటే నాకు శక్కర్‌నగర్ గుర్తొచ్చింది. నేను పుట్టి పెరిగింది అక్కడే. నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ సైరను మా ఇంటి గడియారం. బడి ఎగ్గొట్టి ఎడ్లబండ్ల వెనక పరిగెత్తి చెరకు గడలు లాగేవాళ్లం, ఆకు అంచు కోసిన గీతలు, నూగు దురద మా ఒంటినిండా. చెరకు కొట్టే కాలం వచ్చిందంటే మహారాష్ట్ర వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగేవి. పొలం గట్టున గుడిసె, అందులో ఒకే గొంగడి కింద ఆరుగురు. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. గజ్జికి మాత్రం లాకౌటు లేదు.

గజ్జికి ఒక్క బిడ్డకు మందు రాసే రెసిడెంటును ఈ పుస్తకం కాస్త గట్టిగానే మందలిస్తుంది. గొంగడి కింద ఉన్న ఆరుగురికీ ఒకే రాత్రి పర్మెత్రిన్ పూయాలి, వారానికి మళ్లీ. దురద ఉన్నవాళ్లకే కాదు, లేనివాళ్లకూ. పెద్దవాళ్లకు మెడ కింది నుంచి చాలు, చంటిబిడ్డకు తలా మొహమూ వదలకూడదు, ఎందుకంటే వాళ్లకు అరచేతులు, అరికాళ్లు, తల మీద కూడా వస్తుంది. గోకి చీము పట్టిన బిడ్డకు కొన్ని వారాల తర్వాత కళ్లకింద ఉబ్బు, మూత్రం కాఫీ రంగు అయితే వెంటనే రమ్మని తల్లికి చెప్పి పంపాలి, మూత్రపిండాలకు దెబ్బ తగిలి ఉంటుంది. నేను చదువుకునేటప్పుడు గజ్జిని చిన్నచూపు చూసేవాళ్లం. అరుదైన జబ్బు వస్తే వార్డంతా మూగేది, గజ్జి వస్తే ఇంటర్నుకు అప్పజెప్పేవాళ్లం.

అరుదైన జబ్బుల దగ్గరే రచయిత్రితో నాకు పేచీ వచ్చింది. జన్యు చర్మవ్యాధులకు అన్ని పేజీలు ఎందుకు, సగం తీసేయమన్నాను. “సార్, మనది మేనరికాల దేశం కదా” అంది. నిజమే. పొలుసు చర్మంతో పుట్టిన బిడ్డ, ముట్టుకుంటే బొబ్బలెక్కే బిడ్డ మన దగ్గర మరీ అంత అరుదేమీ కాదు. అలాంటి బిడ్డ పుడితే నింద మోసేది కోడలు. గ్రహణం నాడు కదిలిందనో, ఏదో తినిందనో. తప్పు ఎవరిదీ కాదన్న మాట రెసిడెంటు అత్తగారి ముందే చెప్పాలని, తల్లిని పక్కకు పిలిచి గుసగుసగా చెబితే లాభం లేదని ఆమె రాసింది. ఆ పేజీ చదివాక నేను కత్తిరింపు మాట ఎత్తలేదు.

రక్తనాళాల మచ్చల అధ్యాయం కూడా నా మనసుకు నచ్చింది. పుట్టిన కొద్ది వారాలకు ఎర్రగా లేచి, నెలల్లో ఉబ్బి, తర్వాత ఏళ్ల మీద కరిగిపోయే హెమాంజియోమాల మీద మేము ప్రెడ్నిసొలోన్‌తో కుస్తీ పట్టేవాళ్లం. 2008లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో లెయోతె-లాబ్రెజ్ బృందం, గుండె సమస్యకు ప్రొప్రనలాల్ ఇచ్చిన బిడ్డలో ముక్కు మీది హెమాంజియోమా మెత్తబడి వాలడం గమనించి లోకానికి చెప్పింది. అంతకుముందూ పిల్లలకు ఆ మందు ఇచ్చినవాళ్లున్నారు. చూసినవాళ్లు మాత్రం వీళ్లు. అయితే ప్రతి ఎర్రమచ్చకూ ఆ మందు రాయమని కాదు. కంటికి అడ్డం వచ్చేది, ఊపిరికి అడ్డం వచ్చేది, పుండు పడేది వేరు, వీపు మీద హాయిగా ఉన్నది వేరు. రెండోదానికి వారం వారం ఫోటో తీసి దాచుకోమని తల్లికి చెప్పడమే చికిత్స.

బొమ్మల గురించి ఒక మాట. మేము చదివిన పుస్తకాల్లో దద్దుర్లన్నీ గులాబీరంగు చర్మం మీద ఉండేవి. మన పిల్లల ఒంటి మీద ఎరుపు ఎరుపుగా కనిపించదు. ఊదాగా, ఒక్కోసారి నల్లగా కనిపిస్తుంది. అది తెలియక తీవ్రమైన ఎగ్జిమాను తేలికగా తీసుకునే ప్రమాదం ఉంది. బిడ్డ పిరుదుల మీద పుట్టుకతో వచ్చే నీలిమచ్చను దెబ్బ అనుకొని తల్లిని అనుమానించే ప్రమాదమూ ఉంది. ఇందులోని ఫోటోలన్నీ మన పిల్లలవే, మొహాలు గుర్తుపట్టకుండా, తల్లిదండ్రుల సమ్మతితో. అచ్చులో రంగు కొంచెం మారినట్టుంది, రెండో ముద్రణలో సరిచేయాలి.

ఒక లోటు చెప్పకపోతే ముందుమాట పొగడ్త అవుతుంది. రాత్రి దీపానికి వచ్చే సన్నపు పురుగు, నలిపితే ఒంటి మీద గీతలా కాలి బొబ్బలెక్కే పురుగు, మా వరిపొలాల పక్క ఊళ్లలో వానాకాలమంతా దాని బాధే. రెసిడెంట్లు దాన్ని సర్పి అనుకొని ఖరీదైన మాత్రలు రాస్తుంటారు. దానికి ఈ పుస్తకంలో నాలుగు వాక్యాలే ఉన్నాయి. ఒక పేజీ కావాలి. రాస్తానంది.

రాతప్రతి తిరిగి తీసుకోవడానికి రచయిత్రి మొన్న తన రెసిడెంటుతో కలిసి వచ్చింది. కర్ణాటక అబ్బాయి, తెలుగు ఇంకా కూడబలుక్కుంటున్నాడు. మా పనమ్మాయి కొడుకు అప్పుడే బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, బుగ్గ మీద పావలా అంత తెల్లమచ్చ. నేనేమీ అనలేదు. ఆ అబ్బాయి కాసేపు దూరం నుంచి చూశాడు. తర్వాత లేచి వెళ్లి, వాడి ముందు గచ్చు మీద కూర్చొని, జేబులోంచి దూది తీశాడు. “కళ్లు మూసుకో బాబూ, ఆట ఆడదాం” అన్నాడు.

ఖలీల్‌వాడి, నిజామాబాద్